గూబపిల్ల రెండో భాగం

పాల్వంచలో కిషన్‌లాల్ సెల్‌ఫోన్ల దుకాణంలో పనిచేసే భానుకు పాతికేళ్లు. ఆ వయసు పిల్ల పని మధ్యలో మాటిమాటికీ ఫోను తీసి చూసుకుంటూ, చూసుకుని నిట్టూరుస్తూ ఉంటే ఎవరికైనా వచ్చే అనుమానం ఒకటే. సేటుకూ అదే వచ్చింది.

"ఎవరమ్మా పిల్లగాడు? మనూరోడేనా, కొత్తగూడెమోడా?" అని వారం నుంచీ ప్రాణం తీస్తున్నాడు.

"పిల్లగాడు కాదు సేటూ, గూబపిల్ల" అంది భాను చివరికి విసుగొచ్చి. "ఈ శుక్రవారం గూబపిల్ల రెండో భాగం వస్తున్నది."

గూబ అనగానే మొహం చిట్లిస్తాడనుకుంది. కానీ మార్వాడీ వాళ్లిళ్లలో గూబ లక్ష్మీదేవి వాహనమట. "మంచిదే కదమ్మా, రానియ్యి" అని సేటు గల్లాపెట్టెకు దణ్ణం పెట్టుకున్నాడు.

గూబపిల్ల అంటే కంప్యూటరు ఆట. ఎక్కడో మంచు కురిసే దేశంలో ఇద్దరు స్నేహితులు కూర్చుని తయారుచేసింది. దాని అసలు పేరు ఇంగ్లీషులో వేరే ఉంది. నోరు తిరగక భాను, ఆమె తమ్ముడు సాయికృష్ణ కలిసి పెట్టుకున్న పేరు ఇది. రెక్కలు రాని గుడ్లగూబ పిల్ల ఒకటి గూట్లోంచి జారి కింద పడుతుంది. ఎగరలేదు, గెంతాలి. కొమ్మ మీంచి కొమ్మకు, రాయి మీంచి రాయికి గెంతుతూ, పడుతూ, మళ్లీ మొదటికొచ్చి గెంతుతూ అడవి చివర పెద్ద చెట్టు కొసకు చేరాలి. అక్కడ తల్లి ఉంటుంది. ఇంతే కథ. ఇందులో అంత ఏముందయ్యా అని అడిగేవాళ్లకు నచ్చజెప్పడం నా వల్ల కాదు. చిన్నప్పుడు ఏదో ఒక ఆట మీద ప్రాణం పెట్టుకున్న వాళ్లకు నేను చెప్పనక్కర్లేదు.

తీరా అన్ని అడవులూ దాటి చెట్టు కొసకు చేరితే గూడు ఖాళీ. తల్లి లేదు. తెర మీద నల్లగా చీకటి కమ్మి, మిగిలిన కథ రెండో భాగంలో అని రాసి వచ్చింది. అది చూసిన రోజు సాయి అన్నం తినలేదు. వాడికప్పుడు పదేళ్లు, భానుకు పదహారు. "తల్లి యాడికి పోయిందక్కా?" అని రాత్రంతా పీక్కుతిన్నాడు. "రెండో భాగంల చెప్తరు, పడుకో" అంది భాను. ఆ రెండో భాగం కోసం వాడు బతికినన్నాళ్లూ ఎదురుచూశాడు.

ఇద్దరూ ఒకే కీబోర్డు మీద ఆడేవాళ్లు. నడిపించడం అక్క పని, గెంతించడం తమ్ముడి పని. ఎప్పుడు గెంతాలో అక్క నోటితో చెప్పదు, వాడి మోకాలి మీద వేలితో తడుతుంది. ఒక్కసారి తడితే చిన్న గెంతు, రెండుసార్లయితే పెద్దది. ఎందుకంటే ఆ ఇంట్లో పగటిపూట చప్పుడు చేయకూడదు.

వాళ్ల నాన్న కాశయ్య ఊరి బయట ఒక ప్రైవేటు బొగ్గు క్రషర్‌లో పనిచేసేవాడు. ఎప్పుడూ రాత్రి డ్యూటీయే. తెల్లారి ఇంటికొచ్చి, ఒంటి మీద నల్లటి నీళ్లు పోయేదాకా స్నానం చేసి, ఇంత తిని పడుకుంటే మళ్లీ సాయంత్రమే లేవడం. రాత్రి డ్యూటీ మనిషి ఉన్న ఇంట్లో పగలే రాత్రి. ఆ వాడలో ఇది అందరికీ తెలిసిన మర్యాద. కుక్కరు కూతకు రాకముందే దించేస్తారు. కూరగాయల బండివాడు ఆ సందు మొదట్లోనే నోరు మూసుకుంటాడు. పిల్లలకు మాటలకన్నా ముందు సైగలు వస్తాయి. పైగా కాశయ్య, "నాది కోడినిద్ర బిడ్డా, చీమ చిటుక్కుమన్నా మెలకువొస్తది" అని పిల్లలకు ఎప్పుడూ చెప్పేవాడు. రెండు గదుల కిరాయి ఇల్లు అది. ముందు గదిలో నాన్న మంచం, వెనక గదిలో పాత కంప్యూటరు, మధ్యలో తలుపు లేదు, చీర తెర.

తల్లి గురవమ్మ బడిలో మధ్యాహ్న భోజనం వండటానికి వెళ్లిపోయేది. ఇంట్లో నిశ్శబ్దానికి కాపలా భానుదే. ఆ కాపలా ఆమె ఎంత గట్టిగా కాసిందంటే, సాయి నవ్వబోతే తొడపాశం పెట్టేది. వాడికి చిన్నప్పటి నుంచీ ఆయాసం. దగ్గు తెర మొదలవుతుందనగానే దిండు తెచ్చి వాడి మొహానికి అడ్డం పెట్టేది. "దిండులో దగ్గురా. నాయిన లేస్తడు" అని చెవిలో చెప్పేది. వాడు బుద్ధిమంతుడు. కొన్నాళ్లకు ఆమె తేకముందే దిండు తానే వెతుక్కునేవాడు.

అలా గూబపిల్ల ఆటను వాళ్లు మొదటి నుంచి చివరిదాకా ఒక్క చప్పుడు వినకుండా ఆడారు. ఆటలో ఒక గుహ ఉంది. అంతా చీకటి. అక్కడ ఏడాది పాటు ఇరుక్కుపోయారు. అదే పనిగా చచ్చి చచ్చి, ఎక్కడ ఎంతసేపు ఆగి గెంతాలో వేళ్లకు అలవాటు చేసుకుని గట్టెక్కారు. తర్వాత ఎవరో ఇంటర్నెట్‌లో రాసింది చూస్తే, అది ఆట మొత్తంలోకీ సులువైన చోటట. నీటి చుక్క పడిన చప్పుడు విని గెంతితే చాలునట. చదివి ఇద్దరూ నోళ్లు చేతుల్తో మూసుకుని ఒకరి మీద ఒకరు పడి నవ్వారు.

ఇయర్‌ఫోన్లు లేవా అంటారేమో. ఒకసారి అదీ అయింది. చెవుల్లో పెట్టుకున్న సాయికి తన గొంతు తనకు వినబడక, గూబపిల్ల గెంతగానే "అక్కా!" అని వాడకట్టంతా వినబడేలా కేక పెట్టాడు. అదృష్టం బాగుండి నాన్న లేవలేదు. భాను వైర్లు పీకేసి దాచేసింది.

"రెండో భాగం మాత్రం సౌండు పెట్టి ఆడుదామక్కా. పెద్ద సౌండు" అన్నాడు సాయి.

ఈ మాట సాయంత్రం నాన్న దాకా వెళ్లింది. కాశయ్య కొడుకు మొహంలోకి చూసి నవ్వాడు. "గా ఆట వచ్చేనాటికి నేను రాత్రి డ్యూటీ బంద్ చేస్త. నీ ఇష్టమొచ్చినంత పెట్టుకో" అన్నాడు.

గురవమ్మ మాత్రం, "ఇంట్ల గూబ కూత ఏందయ్యా, అరిష్టం గాదా?" అని సణిగింది. అప్పటి నుంచీ అక్కాతమ్ముళ్ల ఒప్పందం: రెండో భాగంలో చప్పుడు ఎలా ఉంటుందో ఎవరి ఫోనులోనూ వినకూడదు. మొదటిసారి వింటే మన ఇంట్లోనే, ఇద్దరం కలిసే వినాలి.

ఆ మంచు దేశం వాళ్లు రేపు మాపు అంటూ ఏళ్లు గడిపారు. వచ్చే దసరా అన్నారు, కాదు ఉగాది అన్నారు. సాయి ప్రతిసారీ నమ్మాడు. నమ్మి కొత్త గూబపిల్ల బొమ్మలు గోడ మీద గీశాడు. ఒక వేసవిలో భాను దుకాణానికి, గురవమ్మ చుట్టాలింటికి వెళ్లిన పూట వాడికి ఆయాసం ముంచుకొచ్చింది. నోట్లో కొట్టుకునే మందు పంపు ముందు గదిలో, నాన్న మంచం పైన మేకుకు తగిలించిన సంచిలో ఉంది. దానికోసమే లేచినట్టున్నాడు. గురవమ్మ తిరిగొచ్చేసరికి చీర తెర దగ్గర పడి ఉన్నాడు, తెర కొస పిడికిట్లో ఉంది. అవతల మంచం మీద కాశయ్య నిద్రపోతున్నాడు.

"పిలువలేదయ్యా వాడు. పిలిస్తే నేను లేవకపోదునా? నాది కోడినిద్రే" అని కాశయ్య వచ్చిన వాళ్లందరికీ చెప్పి ఏడ్చాడు. వాడవాళ్లూ అదే అన్నారు. "ఎంత మంచి పిల్లగాడు. నాయిన నిద్ర చెడుతదని పాణం పోతున్నా నోరు తెరువకపాయె" అన్నారు. ఆ మాట వాళ్లు మెచ్చుకోలుగా అన్నారు. కానీ భానుకు లోపల ఎక్కడో దిగింది, ఈనాటికీ బయటికి రాలేదు. వాడికి నోరు తెరవొద్దని నేర్పింది ఎవరు? దిండు అడ్డం పెట్టింది ఎవరు? తమ్ముణ్ని తనే చంపుకున్నానని ఆమె నమ్మింది. ఎవరికీ చెప్పలేదు. చెబితే, అయ్యో నీ తప్పేముంది అంటారు. అలా అనిపించుకోవడం ఇష్టం లేక చెప్పలేదు.

కాశయ్య క్రషర్‌కు మళ్లీ పోలేదు. ములకలపల్లి వైపు పామాయిల్ తోటల్లో కూలికి వెళుతున్నాడు. ఇల్లు అదే, తెర కూడా అదే. ఇప్పుడు పగలు ఎవరూ పడుకోరు, అయినా కాశయ్య గొంతు తప్ప ఆ ఇంట్లో ఇంకెవరి గొంతూ లేవదు.

ఇన్నేళ్లకు ఆ ఆట నిజంగానే వస్తోంది. వాడు లేడు కదా, ఇక నీకెందుకే అని ఎవరైనా అనొచ్చు. వాడు అడిగింది ఒక్కటే ఒక్కటి, ఆ ఇంట్లో పెద్ద సౌండు. అది చేసి పెట్టాలి. అది చేస్తే గుండెల మీద రాయి వెంట్రుకవాసి జరుగుతుందేమో అని ఆశ. శుక్రవారం దుకాణంలో నెట్ పెట్టి ఆటను దించుకుంది. సేటు తన ఇంట్లో పెళ్లిళ్లకు వాడే స్పీకరు తీసిచ్చాడు. దాని కడుపు నిండా ఎర్రవీ నీలివీ లైట్లు.

"జల్దీ తేవాలె అనేం లేదు. మంచిగ ఆడుకో" అన్నాడు. ఆయనకు సాయి సంగతి తెలుసు.

ఆదివారం మధ్యాహ్నం, కూతురితో కలిసి ఆ ఆట ఆడటానికని కాశయ్య తలకు పోసుకుని ఉతికిన చొక్కా తొడుక్కున్నాడు. వాకిట్లో కూర్చుని చింతపండు గింజలు తీస్తున్న గురవమ్మ దగ్గరికి వెళ్లి భాను నిలబడింది.

"అమ్మా, గూబ కూస్తది మరి. ఏమనవు కదా?"

గురవమ్మ తలెత్తలేదు. "కూయనీ బిడ్డా. ఇంక మనకు పొయ్యేదేమున్నది" అంది.

స్పీకరు తీగ కంప్యూటరు వెనక ఏదో ఒక కన్నంలో దూర్చింది భాను. రోజుకు పది ఫోన్లు విప్పి బిగించే పిల్లే గానీ, ఇంట్లో ఆ కంప్యూటరుకు ఒక స్పీకరు తగిలించడం జన్మలో ఇదే మొదలు. ఏ కన్నం దేనికో ఆమెకు తెలియదు. స్విచ్ వేయగానే లైట్లు గిరగిరా తిరిగాయి. సరే పనిచేస్తోంది అనుకుంది.

తండ్రిని సాయి కూర్చునే స్టూలు మీద కూర్చోబెట్టింది. "నేను మోకాలు మీద తడ్త నాయినా. ఒక్కసారి తడితే మెల్లగ, రెండుసార్లయితే గట్టిగ గీ బటను ఒత్తాలె" అని ఎదురుగా నిలబడి చేత్తో చూపించింది. కాశయ్య బుద్ధిగా తలూపాడు.

తెర మీద తెల్లారింది. ఖాళీ గూటి అంచున గూబపిల్ల కళ్లు తెరిచింది. అదే గుండ్రటి మొహం. ఇన్నేళ్లలో దానికి చిన్న రెక్కలు మొలిచాయి.  రెక్కలొచ్చినయ్‌రా తమ్మీ అని చెప్పాలనిపించి భాను పక్కకు తిరిగితే అక్కడ తండ్రి. మోకాలి మీద తడితే గెంతించాడు. మళ్లీ తడితే మళ్లీ గెంతించాడు. ఎంత చక్కగా అందుకుంటున్నాడంటే సాయి కూడా మొదట్లో అంత బాగా ఆడలేదు. ఆటలో వాన మొదలైంది. అప్పుడు గమనించింది భాను, వాన చప్పుడు లేదు. ఏ చప్పుడూ లేదు. తీగ తప్పు కన్నంలో పెట్టినట్టున్నాను అని కంప్యూటరు వెనక్కి వంగబోయింది.

"అబ్బ, ఏం సౌండు బిడ్డా!" అన్నాడు కాశయ్య. మొహమంతా నవ్వు. "చెవులు గుయ్యిమంటున్నయ్. గీ పాట మంచిగున్నది. వాడుంటే ఎగిరేటోడు."

భాను ఆగిపోయింది. వేళాకోళం ఆడుతున్నాడనుకుంది. కాదు. స్పీకరులో లైట్లు ఆరి వెలుగుతున్న లెక్కకు సరిగ్గా తొడ మీద తాళం వేస్తూ తలాడిస్తున్నాడు. కూతురి సంబరం చెడకూడదని, రాని పాటకు తాళం వేస్తున్నాడు.

వాకిట్లోంచి గురవమ్మ అరిచింది: "ఏందే, ఇంక మొదలువెట్టలేదా? సప్పుడే లేదు!"

కాశయ్య ఆ అరుపుకీ తిరగలేదు. భాను మెల్లగా లేచి తండ్రి వీపు వెనక్కి వెళ్లి నిలబడింది. "నాయినా" అని పిలిచింది. ఆయన తెర వైపే చూస్తున్నాడు. "నాయినా!" అని గట్టిగా పిలిచింది. పక్కింట్లో ఎవరో తలుపు తీసిన అలికిడైంది. కాశయ్య మాత్రం తాళం వేస్తూనే ఉన్నాడు.

ఇన్నాళ్లూ కళ్లెదుటే ఉన్నవన్నీ ఒక్కసారిగా మీద పడ్డాయి. ఫోను మోగితే "నువ్వే మాట్లాడు" అని గురవమ్మకు ఇచ్చేయడం. ఎవరితోనైనా మొహం చూస్తేనే మాట్లాడటం. రోడ్డు దాటేటప్పుడు గురవమ్మ మోచెయ్యి పట్టుకోవడం. ఎప్పుడూ అరిచినట్టే మాట్లాడటం; క్రషర్ మనిషి, గొంతు పెద్దదే ఉంటుందిలే అనుకున్నారు. క్రషర్ దగ్గర ఎలాగూ ఎవరి మాటా ఎవరికీ వినబడదు, అందరికీ సైగలే. ఇంటికొస్తే ఇక్కడా సైగలే. చెవులు పోయాయని తెలిస్తే పనిలోంచి తీసేస్తారు. అందుకే కోడినిద్ర అన్నాడు. చప్పుడు చేసినా లేవకపోతే పిల్లలకు తెలిసిపోతుంది కనుక, చప్పుడే చేయనివ్వలేదు.

అంటే ఆ తొడపాశాలు దేనికి? ఆ దిండు దేనికి? ఆ ఇంట్లో డప్పులు కొట్టుకున్నా సరిపోయేది. తమ్ముడు బతికిన కాస్త కాలం నోరారా నవ్వేవాడు. భానుకు తండ్రి మీద ఎక్కడలేని కోపం వచ్చింది. స్పీకరు ఎత్తి నేలకు కొడదామన్నంత కోపం. దాని వెనకే ఇంకో ఆలోచన వచ్చి ఆ కోపాన్ని కూడా మింగేసింది. సాయి పిలిచి ఉంటాడు. తెర పట్టుకుని, పిలవగలిగినంత సేపూ పిలిచే ఉంటాడు. ఎన్నిసార్లు పిలిచాడో, నాన్న ఎందుకు లేవట్లేదని ఏమనుకున్నాడో.

గురవమ్మ గుమ్మంలోకి వచ్చి నిలబడింది. కూతురు అంత గట్టిగా పిలవడం, మొగుడు కదలకపోవడం రెండూ చూసింది. ఆమె చేతుల్లోంచి చింతపండు కింద పడింది. "ఎప్పటిసంది?" అని పెదవులతోనే అంది. భాను తెలియదని తల అడ్డంగా ఊపింది.

గూబపిల్ల కొమ్మ చివర ఆగిపోయి చాలాసేపయినట్టుంది, మోకాలి మీద వేలు పడటం లేదని కాశయ్య వెనక్కి తిరిగాడు. మొహాలు చూసి మాట పోల్చుకోవడం ఆయనకు ఏళ్ల అలవాటు. కూతురి మొహం చూశాడు, పెళ్లాం మొహం చూశాడు. చెయ్యి చాచి స్పీకరు మీద అరచెయ్యి ఆనించాడు. అది అదరడం లేదు. ఆ చెయ్యి అక్కడే ఉండిపోయింది, ఆయన నవ్వు పోయింది.

"బిడ్డా" అన్నాడు. అంత చిన్న గొంతుతో ఆయన మాట్లాడటం భాను ఎన్నడూ వినలేదు. "వాడు పిలిచిండా? నాకు తెల్వదు బిడ్డా. పిలువలేదని నోటికొచ్చినట్టు అందరికి చెప్పిన. నాకు తెల్వనే తెల్వదు. అప్పటిసంది పండుకుంటే అదే. వాడు పిలిచిండంటవా?"

పిలిచాడు అంటే చాలు. ఆ మాట అంటే ఆమె మీద ఉన్న రాయి దిగిపోతుంది. అక్క మాటకు కట్టుబడి నోరు మూసుకుని పోలేదు, వాడు పిలిచాడు, వినాల్సినవాళ్లు వినలేదు. ఇన్నేళ్లుగా తనను తాను కొరుక్కుతినడం ఒక్క మాటతో ఆగిపోతుంది. ఆ మాట ఆమె నాలుక చివరిదాకా వచ్చింది కూడా. తండ్రి స్టూలు మీద, కొడుకు కూర్చున్న చోట, రెండు చేతులూ మోకాళ్ల మీద పెట్టుకుని ఆమె పెదవుల వంక చూస్తున్నాడు.

భాను ఆయన ఎదురుగా నేల మీద కూర్చుంది. ఒక్కో మాటా విడిగా, స్పష్టంగా కనబడేలా చెప్పింది.

"పిలువలేదు నాయినా. నిన్ను లేపొద్దని వాడికి నేనే నేర్పిన. వాడు నా మాట ఎప్పుడన్న దాటిండా?"

కాశయ్య కళ్లు ఆర్పకుండా చూశాడు. సరిగ్గా అందిందో లేదో అన్నట్టు, ఇంకోసారి చెప్పమని గడ్డం ఎత్తి సైగ చేశాడు.

ఆమె ఇంకోసారి చెప్పింది.